టేకు కోయడానికి సీఎన్‌సీ రౌటర్: ఫ్రేమ్ ఖరారైంది

విజయవాడలో మా మేడ మీది షెడ్డులోకి ఏ సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పిన దారిలో బిట్‌ను నడిపి చెక్క కోసే మెషిన్) కొనాలో ఈ వారం తేలిపోయింది. నేను చేయాలనుకుంటున్నవి టేకు నేమ్‌ప్లేట్లు, పూజ మందిరం తలుపులకు జాలీలు. అందుకే 6040 తీసుకుంటున్నాను. అంటే బెడ్ మీద కోయగలిగే మేర సుమారు 600 × 400 మిల్లీమీటర్లు. అంతకంటే ముఖ్యం, దానికి లీనియర్ రైళ్లు (పొడవునా ఫ్రేమ్‌కు బిగించిన పట్టాలు), బాల్ స్క్రూలు (తిరుగుతూ భాగాలను జరిపే, లోపల గోళీలున్న స్క్రూలు) ఉన్నాయి.

స్నేహితుడి 3018 (ఇంతకంటే చిన్న మెషిన్) మీద కొంతకాలం పనిచేశాను. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి మీద అది హాయిగా నడుస్తుంది, ఆ చెక్క అంత మెత్తన. టేకు పెట్టగానే సౌండే మారిపోతుంది. కోసిన అంచు మీద సన్నటి అలలు పడతాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. ఆ 3018లో గ్యాంట్రీ (బిట్ తిప్పే మోటారును మోసే అడ్డ దూలం) నడిచేది రెండు చివర్ల మాత్రమే పట్టున్న గుండ్రటి రాడ్ల మీద కాబట్టి, బరువు పడితే మధ్యలో కాస్త వంగుతుంది. కొలెట్ (బిట్‌ను పట్టుకునే బిగింపు) దగ్గర డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలమానం) ఆనించి స్పిండిల్‌ను, అంటే బిట్ తిప్పే మోటారును, చేత్తో పక్కకు నెట్టండి, ముల్లు ఎంత కదులుతుందో కనబడుతుంది. కొనేముందు ఈ పరీక్ష చేసి తీరాలి. బెడ్ సైజు, వాట్లు ఎవరైనా చెబుతారు, ఈ వంగుడు గురించి ఎవరూ చెప్పరు.

నేను తీసుకుంటున్న స్పిండిల్ 1.5 కిలోవాట్లది, ఎయిర్ కూలింగ్. వాటర్ కూలింగ్‌కు చప్పుడు తక్కువే గానీ బెజవాడ మే నెల ఎండలో రేకుల షెడ్డులో ఆ నీళ్లే కాగిపోతాయి.

ఫీడ్ (బిట్ చెక్కలో ముందుకు నడిచే వేగం) లెక్క ముందే వేసుకున్నాను. రెండు అంచుల బిట్ 12,000 ఆర్‌పీఎంతో తిరుగుతూ చుట్టుకు ఒక్కో అంచు 0.05 మి.మీ. తీయాలంటే నిమిషానికి 1,200 మి.మీ. నడవాలి. గట్టి చెక్క కదా అని మరీ తగ్గిస్తే బిట్ కోయడం మానేసి రాసుకుంటుంది, వేడెక్కి చెక్క మీద నల్లటి చార పడుతుంది. లోతు తగ్గించుకోవాలి గానీ ఫీడ్ కాదు. మెత్తటి పొడి బదులు చిన్న చిన్న పెచ్చులు రాలుతుంటే కుదిరినట్టే.

స్టాండు ఆటోనగర్‌లో స్క్వేర్ పైపుతో వెల్డింగ్‌కు ఇచ్చాను, నాలుగు కాళ్లకూ లెవెలింగ్ బోల్టులు పెట్టమన్నాను. స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. జరుగుతుంది, ఆ చుట్టుకు మోటారు 1,600 స్టెప్పులు వేస్తుంది, కాబట్టి జీఆర్‌బీఎల్‌లో (మెషిన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మి.మీ.కు 320 అని పెట్టి, 300 మి.మీ. నడిపి స్టీల్ స్కేలుతో సరిచూడాలి. సైక్లోన్ డబ్బా (గాలిని సుడి తిప్పి పొడిని వేరుచేసేది), వ్యాక్యూమ్ బిగించాకే టేకు ముట్టుకుంటాను. ఆ సన్నపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైగా మెట్లు దిగితే మా ఇల్లే.