చెరోకీ ముత్తవ్వ: రికార్డు ఏమంటుంది?

'మా ముత్తవ్వ చెరోకీ రాకుమారి' అనే మాట అమెరికాలో చాలా ఇళ్లలో వినిపిస్తుంది. చెరోకీలు అక్కడి ఆదివాసీ తెగ. చెరోకీల్లో రాకుమార్తెలే లేరు. అనుమానం అక్కడే మొదలవ్వాలి.

వెతుకులాట మీ జనన ధ్రువపత్రంతో మొదలుపెట్టి, ఒక్కో తరం వెనక్కి 1900 జనగణన దాకా వెళ్లాలి. అప్పుడే డాస్ జాబితా, అంటే చెరోకీలతో సహా ఐదు తెగల సభ్యుల పేర్లతో అమెరికా ప్రభుత్వం తయారుచేసిన పట్టిక, తెరవండి. ఓక్లహోమాలోని చెరోకీ నేషన్ అనే తెగ ప్రభుత్వంలో సభ్యత్వానికి అందులో నమోదైన పూర్వీకుల నేరు వారసత్వమే ప్రమాణం, రక్తశాతం (వంశంలో చెరోకీల వాటా) కాదు. నార్త్ కరోలినాలోని చెరోకీ తెగ ఈస్టర్న్ బ్యాండ్‌లో సభ్యత్వానికి 1924 బేకర్ జాబితాలో (ఆ బ్యాండ్ సభ్యుల పట్టిక) పూర్వీకులు, కనీసం 1/16 చెరోకీ రక్తం రెండూ కావాలి.

ఎక్కువమంది బోల్తాపడేది గియాన్ మిల్లర్ దరఖాస్తుల దగ్గర. ఒప్పందాలు ఉల్లంఘించినందుకు అమెరికా ప్రభుత్వం చెరోకీలకు ఇవ్వాల్సిన పరిహారం కోసం వేలమంది వీటిని పెట్టుకున్నారు, చాలావాటిని తిరస్కరించారు. కాబట్టి పేరు కనబడగానే సంబరపడకుండా, చివర్లో తీర్పు చూడండి. వంశమూలాలు చెప్పే డీఎన్‌ఏ పరీక్ష తెగను చెప్పలేదు, సభ్యత్వానికీ పనికిరాదు.