ఫార్మకాలజీ చదివాను గానీ 'సీరియస్' అంటే తెలీలేదు

నిన్న ఆఫర్ లెటర్ వచ్చింది. ఫార్మకోవిజిలెన్స్‌లో ఉద్యోగం. మందులు వాడినవాళ్ళకి వచ్చే దుష్ప్రభావాల రిపోర్టులు పరిశీలించే పని. సంతోషమే, కానీ కిందటి నెల వేరే కంపెనీ ఇంటర్వ్యూలో పోయిన పరువు ఇంకా తిరిగి రాలేదు.

ఫార్మకాలజీలో పీజీ చేశాను. సీటూ, హాజరూ, పరీక్షలూ మామూలే. "మందుల షాపు పెడతావా?" అన్న ప్రతివాళ్ళకీ, మందు శరీరాన్ని ఏం చేస్తుందో, శరీరం మందుని ఏం చేస్తుందో చదువుతానని చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ల్యాబ్‌లో ఆర్గాన్ బాత్ (కణజాలాన్ని బతికించి ఉంచే పాత్ర) ముందు పేగు ముక్కకి, దాన్ని ముడుచుకునేలా చేసే అసిటైల్‌కోలిన్ డోసు పెంచుతూ గీసిన గ్రాఫుల్లో నాదే అందరికీ నమూనా. ఇది రాయకుండా ఉండలేను.

ఇంటర్వ్యూ కూడా అలాగే మొదలైంది. మూర్ఛకి వాడే ఫెనిటోయిన్ డోసు కొంచెం పెంచినా రక్తంలో దాని స్థాయి అంతగా ఎందుకు పెరుగుతుందన్నారు. లివర్‌లో దాన్ని విరిచే ఎంజైములు నిండిపోతాయి గనక అని టక్కున చెప్పాను.

అప్పుడు మేడమ్ అడిగారు: "మాత్ర వేసుకున్నాక ఒకతనికి భరించలేనంత తలనొప్పి. రెండు గంటల్లో దానంతటదే తగ్గింది. సీరియస్ కేసా?"

"సీరియస్సేనండీ. భరించలేకపోయాడు కదా."

"ఇంకొకరికి కొద్దిగా దద్దుర్లు. అయినా ఆసుపత్రిలో చేర్చుకుని వైద్యం చేశారు."

"కాదండీ, కొద్దిగానే కదా."

ఆవిడ పెన్నుకి మూత పెట్టేశారు. పక్కనాయన "థియరీ బాగుందమ్మా" అన్నారు. ఆ మెచ్చుకోలు కన్నా నాలుగు తిట్లు నయం.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో వెతికితే రెండూ తప్పే. మనం జ్వరం ఎక్కువైనా సీరియస్సే అంటాం. ఈ రంగంలో బాధ ఎంత ఎక్కువో చెప్పేది 'సివియర్'. 'సీరియస్' అంటే దాని పర్యవసానం: మరణం, ప్రాణాపాయం, ఆసుపత్రిలో చేరడం, వైకల్యం, పుట్టిన బిడ్డలో లోపం లాంటివి. 1957లో పశ్చిమ జర్మనీ మార్కెట్లోకి వచ్చి 1961లో వెనక్కి పోయిన థాలిడోమైడ్ అనే నిద్రమందునే చూడండి. వేసుకున్న తల్లుల్లో చాలామంది హాయిగా నిద్రపోయారు. కాళ్ళూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టింది వాళ్ళ బిడ్డలు. ఈ కథ మాకూ చెప్పారు, రెండు మార్కుల ప్రశ్నగా. ఫార్మకోవిజిలెన్స్ చాప్టర్‌ని "పరీక్షకి రాదులే" అని దాటేసిన సార్‌ని మాత్రం నేనింకా క్షమించలేదు.

రెండో కంపెనీ వాళ్ళు రిపోర్టు చెల్లాలంటే కనీసం ఏముండాలన్నారు. ఫలానా అని గుర్తించగల పేషెంటు, రిపోర్టు చేసిన మనిషి, అనుమానించిన మందు, జరిగిన దుష్ప్రభావం. నాలుగూ చెప్పాను. అంతే.

క్లినికల్ ట్రయల్స్, మెడికల్ రైటింగ్, టాక్సికాలజీ, రెగ్యులేటరీ (మందుల అనుమతుల పని) కూడా మన చదువుకి తగ్గ దారులే. సొంతంగా పరిశోధన నడపాలంటే పీహెచ్‌డీకి సిద్ధపడండి. ఏ దారైనా అందులో పనిచేసే సీనియర్‌ని పట్టుకుని ఒక్క రోజు ఏం చేస్తారో అడగండి, ప్లేస్‌మెంట్ ఆఫీసు చుట్టూ తిరక్కండి. నేను ఆరు నెలలు తిరిగాను.

రాత్రి ఫ్రెండ్ ఫోన్ చేసి "కడుపునొప్పే, సీరియస్‌గా ఉంది" అంది. "ఆసుపత్రిలో చేర్చుకున్నారా?" అన్నాను. లేదంది. "అయితే సీరియస్ కాదు" అన్నాను. ఫోన్ పెట్టేసింది.