ఏడోసారి మర్వా దగ్గర

మక్కాకి ఉమ్రా యాత్ర చేసి బెంగళూరు తిరిగొచ్చి ఇవాళ్టికి పన్నెండు రోజులు. అమ్మ మోకాళ్ల వాపు ఇంకా పూర్తిగా తగ్గలేదు, అడిగితే మాత్రం నొప్పేం లేదంటోంది. నెలవంక కనబడితే రేపో ఎల్లుండో రంజాన్ రోజాలు మొదలవుతాయి, తెల్లారకముందు తినే సహరీ వంటల్లో పడితే ఇక రాయడం నావల్ల కాదు, అందుకే అంతా కళ్ల ముందు ఉండగానే రాసేస్తున్నాను.

ముందు మొక్కు గురించి చెప్పాలి. మా అబ్బాయి ఏడో నెలలోనే పుట్టాడు. బరువు కిలో రెండు వందల గ్రాములు. నలభై ఒక్క రోజులు ఎన్‌ఐసీయూలో, అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఆ పెట్టెకు పక్కన చెయ్యి పట్టేంత కిటికీ ఉంటుంది, అందులోంచి వేలు పెడితే వాడు పట్టుకునేవాడు, వాడి గోరు నువ్వుగింజంత ఉండేది. నన్ను రోజుకి రెండుసార్లు లోపలికి పంపేవాళ్లు, అమ్మను అస్సలు పంపలేదు. ఆమె ఆ తలుపు దగ్గర నుంచి లిఫ్టు దాకా, లిఫ్టు నుంచి మళ్లీ తలుపు దాకా నడుస్తూనే ఉండేది. కూర్చో తల్లీ అని సెక్యూరిటీ ఆయన చెప్పి చెప్పి వదిలేశాడు. పదమూడో రోజు రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. ఆ రాత్రి అమ్మ ఆ వరండాలోనే చున్నీ పరిచి నమాజు చేసి, "అల్లా, ఈ బిడ్డను మాకియ్యి, నీ ఇంటికొచ్చి నీకు చెప్పుకుంటా" అని మొక్కుకుంది. నాకా సంగతి వాడు ఇంటికొచ్చాక గానీ చెప్పలేదు.

మొక్కు అంటే అప్పు లాంటిది, తీర్చాలి. మాది ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల ముస్లిం కుటుంబం, ప్రొద్దుటూరులో నాన్న పరుపులు కుట్టేవారు. ఆయన పోయాక అమ్మ బెంగళూరులో మా దగ్గరికి వచ్చి, కె.ఆర్.పురంలో మా వీధి ఆడవాళ్లకి జాకెట్లు కుట్టి కుట్టి డబ్బు కూడబెట్టింది. అందులో కూడా ఏడాది తిరిగేసరికి లక్షకి రెండున్నర వేలు లెక్కగట్టి జకాత్ తీసేసేది. "ఉమ్రా డబ్బులు కదమ్మా, వాటికి కూడానా" అంటే, "ఆ రెండున్నర వేలు నాది కాదు కదా, పేదోళ్లది నా డబ్బాలో కూర్చున్యాది" అనేది.

అలా మూడేళ్లు పట్టింది. వాడిప్పుడు మెట్లు దూకుతున్నాడు. వాడిని మా ఆయన దగ్గర వదిలి, అమ్మా నేనూ తమ్ముడూ బయల్దేరాం.

వెళ్లే ముందు పది రోజులు అమ్మ ఫోన్ పట్టుకునే ఉంది. బంధువులందరికీ చేసి, నా వల్ల ఏదైనా తప్పు జరిగుంటే మాఫ్ చెయ్యండి అని అడగడం. ఎప్పుడో పెళ్లిలో గొడవపడి పదేళ్లుగా మాట్లాడని మా మేనత్తకి కూడా చేసింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. శివాజీనగర్ వెళ్లి తమ్ముడికి యాత్రలో కట్టుకునే ఇహ్రాం గుడ్డలు, వాసన లేని సబ్బు, అమ్మకు మెత్తటి చెప్పులు కొన్నాం. కింద పోర్షన్‌లో ఉండే నెల్లూరు వదిన వాళ్లబ్బాయి నీట్ పరీక్ష కోసం అక్కడ దండం పెట్టుకోమని చెప్పి, "ఇంతకీ ఆ నల్లటి గుడి లోపల ఏ దేవుడుంటాడు పిన్నీ?" అని అడిగింది. కాబా లోపల ఏమీ ఉండదని అమ్మ చెప్పింది. మూడు స్తంభాలు, వేలాడే దీపాలు, అంతే. మేం మొక్కేది ఆ కట్టడానికి కాదు, దానికి యజమానికి. ఆయనకు రూపం లేదు, ఆయనకు ఎవరూ సాటి లేరు. లోకంలో ముస్లిములంతా ఒకే వైపు తిరిగి నిలబడటానికి అది ఖిబ్లా. ఇదంతా అమ్మ చెప్పిన తీరు వేరు. "నువ్వు ఫోన్ చేసేటప్పుడు టవర్ వైపు తిరుగుతావు గానీ, మాట్లాడేది టవర్‌తో కాదు కదమ్మా" అంది. వదినకు అది బాగా నచ్చింది.

దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో మా గ్రూపంతా కలిసింది. మౌలానా గారు అన్నీ ఉర్దూలోనే చెబుతున్నారు. నాకు బెంగళూరులో ఉండి ఉండి ఉర్దూ వచ్చింది, అమ్మకు రాదు. ఒకావిడ "ఉర్దూ రాదా? మరి నమాజు ఎలా చేస్తారు?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. అమ్మ నవ్వి ఊరుకుంది. ఈ మాట మా వాళ్లు జీవితాంతం వింటూనే ఉంటారు, నాకైతే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అమ్మ సంచిలో ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది, అందులో ఖురాన్ సూరాలు, దువాలనే వేడుకోళ్లు, యాత్రలో చదివే తల్బియా అన్నీ తెలుగు అక్షరాల్లో తనే రాసుకుంది, ఎక్కడ సాగదియ్యాలో అక్కడ పక్కన గీత కొట్టి మరీ. ఇహ్రాం మొదలయ్యే హద్దు మీఖాత్ వస్తోందని విమానంలో చెప్పగానే ఆ పుస్తకం తీసి, ఉమ్రా నియ్యత్, అంటే సంకల్పం, చేసి, "లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్" అని మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఇహ్రాం, అంటే యాత్ర నియమాలు మొదలు. సువాసన పూసుకోకూడదు, వెంట్రుక కత్తిరించకూడదు, గోరు తీయకూడదు. ఒక వెంట్రుక ఊడినా ఏమవుతుందోనని అమ్మ ఆ రోజంతా తలను చెయ్యి పెట్టి కూడా ముట్టుకోలేదు.

హోటల్ గురించి ఒక్క మాట. కాబా ఉన్న మసీదు, హరం నుంచి అయిదు వందల మీటర్లు అన్నారు, తీరా చూస్తే గుట్ట మీద, బస్సెక్కాలి, ఆ బస్సు కోసం ముప్పావు గంట. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషిని పెట్టుకుని అలా నిలబడితే ఎవరికైనా కడుపు మండుతుంది. ట్రావెల్స్ వాళ్లను ఏమీ అనొద్దని, ఇహ్రాంలో గొడవలు పడకూడదని అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కాబాను మొదటిసారి చూసినప్పుడు చేసే దువా ఊరికే పోదని మా ఇళ్లలో అంటారు. అందుకని అమ్మ తల వంచుకుని తన కాళ్లనే చూసుకుంటూ నడిచింది, నేను చెప్పేదాకా ఎత్తనంది. మెట్లు దిగి, చుట్టూ పాలరాయి తెల్లగా పరుచుకున్న చోటికి వచ్చాక "అమ్మా, ఇప్పుడు" అన్నాను. ఎత్తింది. కాబా మీద కప్పిన నల్లటి గుడ్డ కిస్వా, మీద బంగారు జరీ అక్షరాలు, దాని చుట్టూ జనం నెమ్మదిగా తిరుగుతున్నారు. అరవై ఏళ్లుగా ఎటువైపు తిరిగి నమాజు చేసిందో అది ఎదురుగా ఉంది. అమ్మ ఎన్ని దువాలు కంఠతా పట్టిందో నాకు తెలుసు, పుస్తకం కూడా చేతిలోనే ఉంది. ఒక్కటీ చదవలేదు. "వచ్చినాను అల్లా. పిల్లోడు బాగుండాడు" అంది. అంతే. ఆ తర్వాత వెక్కిళ్లు. లబ్బైక్ అంటే అర్థం కూడా అదే, నీ పిలుపుకి వచ్చాను అని. అమ్మ అన్న మాట అదేనని నాకు ఆ రాత్రి పడుకున్నాక తట్టింది.

తవాఫ్ ఏడు చుట్లు, హజ్రె అస్వద్ అనే నల్లరాయి ఉన్న మూల నుంచి మొదలుపెట్టి కాబాను ఎడమ చేతి వైపు ఉంచుకుని తిరగాలి. ఇక్కడ ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ రాయిని ముద్దు పెట్టుకోవాలని జనం ఒకళ్ల మీద ఒకళ్లు పడి తోసుకోవడం చూస్తే బాధేసింది. వీలు కాకపోతే దూరం నుంచి చెయ్యెత్తి "అల్లాహు అక్బర్" అంటే చాలని చిన్న పిల్లలకు కూడా చెబుతారు. ప్రవక్త సహచరుడు హజ్రత్ ఉమర్ ఆ రాయితో, నువ్వు రాయివని నాకు తెలుసు, నువ్వు మేలూ చెయ్యలేవు కీడూ చెయ్యలేవు, ప్రవక్త నిన్ను ముద్దు పెట్టుకోవడం చూశాను కాబట్టే నేనూ పెట్టుకుంటున్నాను అన్నారు. ఆ ముద్దు కోసం ఒక ముసలావిడ పక్కటెముకలో మోచెయ్యి పొడిస్తే ఏం పుణ్యం వస్తుంది? ఆ పొడిపించుకున్నది మా అమ్మే. దానికి తోడు తవాఫ్ మధ్యలో ఆగిపోయి వీడియో కాల్ చేసేవాళ్లు, గొలుసులా చేతులు పట్టుకుని అడ్డంగా కోసుకుపోయే గుంపులు. అయినా నాలుగో చుట్టు దాటాక ఇవేవీ కనబడలేదు, వినబడలేదు, నిజం చెబుతున్నాను.

కాబా పక్కనే ఉన్న మఖామె ఇబ్రాహీం వెనక రెండు రకాతుల నమాజు చదివి, జమ్‌జమ్ బావి నీళ్లు తాగి, రెండు గుట్టల మధ్య నడిచే సయీకి వెళ్లాం. సఫా నుంచి మర్వాకి ఒకటి, మర్వా నుంచి సఫాకి రెండు, అలా ఏడు. మొత్తం మూడు కిలోమీటర్ల పైనే. వీల్‌చైర్ తీసుకుందాం అంటే అమ్మ ఒప్పుకోలేదు. "హాజిరమ్మ కుర్చీలో పోయిందా" అంది. పసిబిడ్డ ఇస్మాయీల్ దాహంతో ఏడుస్తుంటే, మనిషి జాడ లేని ఆ రాళ్ల లోయలో నీళ్ల కోసం ఆ తల్లి ఈ గుట్టకీ ఆ గుట్టకీ ఏడుసార్లు పరుగెత్తింది. ఇప్పుడు అక్కడ ఏసీ, పాలరాయి, పచ్చ లైట్లు. ఆ లైట్ల మధ్య మగవాళ్లు పరుగు లాంటి నడక నడవాలి, తమ్ముడు అలా ముందుకెళ్లిపోయాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తోంది. ఆ నడక నేను ముందే చూశాను. తలుపు నుంచి లిఫ్టుకి, లిఫ్టు నుంచి తలుపుకి.

అయిదో విడత మధ్యలో ఉండగా రాత్రి ఇషా నమాజుకి ఇకామత్ పిలుపు అయింది. సయీ ఆపి అందరూ నమాజుకి వరసల్లో నిలబడాలి. ఆడవాళ్లను పక్కకి పంపే సిబ్బంది వచ్చి "హజ్జా, హజ్జా" అంటూ నన్ను ఒకవైపు, వెనకున్న అమ్మను ఇంకోవైపు జరిపారు. నమాజు చివర సలాం చెప్పి తల తిప్పి చూస్తే అమ్మ లేదు. అమ్మ ఫోన్ నా బ్యాగులో. హోటల్ కార్డు కూడా నా దగ్గరే. తెలుగు తప్ప ఇంకో భాష రాని మనిషి, ఆ జనంలో.

తమ్ముణ్ని సఫా దగ్గర నిలబెట్టి నేను వెతకడం మొదలుపెట్టాను. నల్ల బురఖా వేసుకున్న ప్రతి పొట్టి మనిషీ అమ్మలాగే ఉంది. ఇద్దరు ముగ్గురి భుజం పట్టుకుని తిప్పి క్షమించమని అడిగాను. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో లెక్క లేదు. చేసేదేమీ తోచక "యా అల్లా, మా అమ్మ" అంటూ ఏడుస్తూ పరుగెత్తాను. గంట దాటింది. అప్పుడు తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, అమ్మకు లెక్క తెలుసు కదా, ఏడోది ఎక్కడ ముగుస్తుందో అక్కడ చూడు" అన్నాడు.

మర్వా దగ్గర, గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పక్కన బాగా పొడుగ్గా ఉన్న ఒక ఆఫ్రికా ఆవిడ, పసుపు రంగు పువ్వుల గుడ్డ, మెడలో కార్డు మీద నైజీరియా అని ఉంది. నా వయసే ఉంటుందేమో. అమ్మ పాదాన్ని ఒళ్లో పెట్టుకుని పిసుకుతోంది.

జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. నమాజయ్యాక అమ్మ బిక్కమొహం వేసుకుని నిలబడితే ఈమె వచ్చి ఏదో అడిగిందట. అమ్మ నాలుగు వేళ్లు చూపించి, తర్వాత కింద నేలను చూపించిందట, నాలుగు అయ్యాయి, అయిదోది ఇక్కడ ఆగింది అని. ఆమెకు అర్థమైపోయింది. తను ఏడు వేళ్లు చూపించి, కత్తెరతో జుట్టు కత్తిరించినట్టు చేసి చూపించింది, అంటే తనది అయిపోయింది. అయినా అమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. మర్వా వచ్చాక అయిదు వేళ్లు, సఫా వచ్చాక ఆరు. దారి పొడుగునా ఆమె తన భాషలో గట్టిగా దువా చేస్తుంటే అమ్మ ఆమీన్ అనేదట, అమ్మ తెలుగులో చేస్తుంటే ఆమె ఆమీన్ అనేదట. మా అబ్బాయి సంగతి, మా మేనత్త, నెల్లూరు వదిన కొడుకు నీట్ పరీక్ష, అన్నిటికీ ఆమె ఆమీన్ చెప్పింది. "ఆ పాప ఏమడిగిందో నాకు తెల్దు, గట్టిగా అడిగింది, నేనూ గట్టిగానే ఆమీన్ అన్యాను" అంది అమ్మ.

ఏడో విడత అయ్యాక ఆమె నడుముకు కట్టుకున్న చిన్న సంచిలోంచి కత్తెర తీసి, అమ్మ జుట్టు చివర వేలి కణుపంత కత్తిరించి, మడిచి అమ్మ చేతిలోనే పెట్టిందట. నేను వెళ్లేసరికి ఆ తెల్ల వెంట్రుకలు ఇంకా అమ్మ గుప్పిట్లోనే ఉన్నాయి. నేను ఆమెను గట్టిగా పట్టుకుని ఏడ్చాను. ఆమె నా వీపు తడుతూ "అల్హందులిల్లా, అల్హందులిల్లా" అంది, మా ముగ్గురికీ తెలిసిన మాట అదొక్కటే. కత్తెర అమ్మ చేతిలో పెట్టి, నన్ను చూపించి, ఇంకా నీది కాలేదు కదా అన్నట్టు నవ్వి, వాళ్ల గుంపు పిలుస్తుంటే వెళ్లిపోయింది. పేరు కూడా అడగలేదు. కార్డు మీద దేశం చదివినదాన్ని, దాని పైనే ఉన్న పేరు ఎందుకు చదవలేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

నా లెక్క పోయింది. అనుమానం వస్తే తక్కువ లెక్కే పట్టుకోవాలి కాబట్టి నాలుగు దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టి మూడూ పూర్తి చేశాను. అమ్మ మర్వా దగ్గరే తమ్ముడితో కూర్చుంది. ఏడోసారి చేరుకున్నాక ఆ కత్తెరతోనే నా జుట్టు కత్తిరించింది.

మదీనాలో నాలుగు రోజులు ఉన్నాం. ప్రవక్త మసీదులో ఆయన సమాధి పక్కనుండే రౌజాలోకి వెళ్లడానికి నుసుక్ యాప్‌లో టైము తీసుకోవాలి, మాకు దొరికిన కాసిన్ని నిమిషాల్లో రెండు రకాతులు, సలాం. ఆ పచ్చ తివాచీ మీద నుంచి లేవాలనిపించలేదు. చేసింది ఉమ్రానే, హజ్ ఫర్జ్, అంటే తప్పనిసరి విధి, అలాగే ఉంది, హజ్‌లో నిలబడే అరఫాత్ మైదానం చూడాలని అమ్మ అప్పుడే కొత్త డబ్బా కొనిపించుకుంది.

వచ్చిన రోజే కింద వదినకి ఖర్జూరాలు, జమ్‌జమ్ ఇస్తే, "నా మాట చెప్పావా పిన్నీ?" అని అడిగింది. "చెప్పినా, దానికి ఇంకొకామె ఆమీన్ కూడా చెప్పింది" అంది అమ్మ.

ఆ కత్తెరను అమ్మ కుట్టుమిషన్ డబ్బాలో వేరే గుడ్డలో చుట్టి పెట్టింది. జాకెట్ గుడ్డలకు ముట్టనివ్వదు. నిన్న శుక్రవారం, జుమా ముందు మా వాడిని స్నానం చేయించి ఒళ్లో కూర్చోబెట్టుకుని దాంతో వాడి గోళ్లు తీసింది. వాడు కదులుతుంటే "కదలొద్దు నాయనా" అంటూ, ఒక్కో వేలూ పట్టుకుని, పదీ.