తోక చక్రం విమానాన్ని తిన్నగా దింపడం నేర్చుకున్న తీరు

ముందు చక్రం ఉన్న చిన్న విమానాలు నడిపే లైసెన్సు చేతికొచ్చాక టెయిల్‌వీల్ (తోక చక్రం) విమానం నేర్చుకోవడానికి చేరినప్పుడు, మా ఇన్‌స్ట్రక్టర్ మొదట బోర్డు మీద రెండు బొమ్మలు గీశారు. ముందు చక్రం విమానంలో గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ప్రధాన చక్రాలకు ముందుంటుంది కనుక, అది కాస్త వంకరగా నేలను తాకినా ఆ బరువే దాన్ని తిన్నగా లాగుతుంది. తోక చక్రం విమానంలో గరిమనాభి ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. ముక్కు ఒక పక్కకు తిరగడం మొదలైతే, వెనుకనున్న బరువు పాత దిశలోనే సాగిపోతూ ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. సమయానికి ఆపకపోతే విమానం గిర్రున తిరిగి, బయటి వైపు రెక్క కొస నేలకు రాసుకోవడమో, చక్రపు కాలు విరగడమో జరుగుతుంది. గ్రౌండ్ లూప్ అనేది దీన్నే.

ఆ తర్వాత చాలాసేపు నేల మీదే నడిపించారు. మడమలు కింద ఆనించి, పాదం పెడల్ అడుగు భాగానికి మాత్రమే తగిలేలా పెట్టుకోమన్నారు, ఎందుకంటే మా విమానంలో పెడల్ పై భాగం తొక్కితే బ్రేకు పడుతుంది, వేగంలో ఉన్నప్పుడు గట్టిగా బ్రేకు పడితే ముక్కు నేలకు పొడుచుకుంటుంది. కుడికి తిరుగుతుంటే ఎడమ రడ్డర్ (తోక మీద నిలువుగా ఉండి ముక్కును పక్కలకు తిప్పే పలక) పెడల్ నొక్కాలి, ముక్కు తిరగడం ఆగుతుండగానే వదలాలి. నొక్కడం అందరికీ వస్తుంది, వదలడమే రాదు; ఆలస్యంగా వదిలితే అంతకంటే పెద్ద ఊపుతో విమానం రెండో వైపుకు తిరుగుతుంది. అందుకే ఆయన వెనుక సీట్లోంచి "నొక్కండి, వదలండి" అంటూనే ఉండేవారు.

మూడు చక్రాలూ ఒకేసారి ఆనేలా దించేటప్పుడు ముక్కు అడ్డొచ్చి ఎదుటి రన్‌వే దాదాపుగా కనిపించదు. అప్పుడు చూపు దూరాన నిలిపి, రెండు పక్కలా కంటి కొసల్లో కనిపించే అంచులను గమనించాలి; ఒక పక్క అంచు దగ్గరవుతోందంటే విమానం అటు జరుగుతోందన్నమాట. దగ్గరి నేలను చూసేవారికి తిరుగుడు ఆలస్యంగా తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే కష్టమనిపించింది చక్రాలు ఆనిన తర్వాతి దశ. వేగం తగ్గేకొద్దీ రడ్డర్ మీదుగా పోయే గాలి తగ్గి దాని పట్టు సడలుతుంది. అలాగని బ్రేకుల మీద ఆధారపడేంత నెమ్మదీ అప్పటికి రాదు. ఆ సమయంలో స్టిక్‌ను (చేత్తో పట్టుకునే కంట్రోల్ కర్రను) పూర్తిగా వెనక్కి లాగి పట్టుకుంటే తోక చక్రం మీద బరువు పడి అది దారి పట్టుకుంటుంది. అయితే రెక్కలు ఇంకా ఎగరగల వేగంలో అలా లాగితే విమానం మళ్లీ పైకి లేస్తుంది.

పక్కగాలి ఉన్న రోజున ఇదంతా రెట్టింపవుతుంది, ఎందుకంటే గాలి వచ్చే వైపుకే విమానం ముక్కు తిప్పుతుంది. గాలి వైపు రెక్కను వంచి, వ్యతిరేక రడ్డర్‌తో ముక్కును రన్‌వే వెంట నిలిపి, గాలి వైపు చక్రాన్ని ముందుగా ఆనించాలి. ఆనిన తర్వాత ఎయిలరాన్‌ను (రెక్కను వంచడానికి దాని వెనుక అంచున ఉండే పలకను) వదలకూడదు సరికదా, వేగం పడిపోతున్నకొద్దీ ఇంకా పెంచుతూ చివరికి పూర్తిగా తిప్పాలి. గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో 20 నాట్ల (గంటకు ఇన్ని సముద్రపు మైళ్లు) వేగంతో వీస్తుంటే పక్కగాలి 10 నాట్లు. ఈ లెక్క దిగడానికి ముందే మనసులో తేలిపోవాలి.

శిక్షణ పూర్తయిందని ఇన్‌స్ట్రక్టర్ సంతకం పడ్డాక ముందు చక్రం విమానానికి తిరిగి వెళ్తే, అక్కడా పాదాలకు పనుందని తెలిసింది. ఎక్కువ వేగంతో దిగి కంట్రోల్‌ను ముందుకు నెడితే బరువంతా ముందు చక్రం మీద పడి, వెనుక చక్రాలు తేలికై, ఆ విమానం కూడా పక్కకు తిరుగుతుంది. పెడళ్లకు ముందు చక్రం నేరుగా కలిపి ఉన్న రకాల్లోనైతే, పక్కగాలికి నొక్కి ఉంచిన రడ్డర్‌ను అది నేలను తాకే సమయానికి మధ్యకు తేవాలి.