మెట్ల ఖర్చును మోడల్‌లో నిర్వచించేటప్పుడు

సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎంత పంపితే చవకో లెక్కగట్టే సప్లై చైన్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌లో రవాణా ఖర్చును టన్నుకు ఇంత అని ఒకే గడిలో నింపడం సులువే గానీ, లారీ కిరాయి ఆ లెక్కన నడవదు. 10 టన్నుల లారీకి ట్రిప్పుకు రూ.18,000 అనుకుంటే, ఒక టన్ను పంపినా పది టన్నులు పంపినా అంతే కట్టాలి. పదకొండో టన్ను ఉంటే రెండో లారీ మాట్లాడుకోవలసిందే కనుక ఖర్చు ఒక్కసారిగా రూ.36,000కు చేరుతుంది. ఇలా పరిమాణం ఒక హద్దు దాటగానే మెట్టులా మారే ఖర్చే మెట్ల ఖర్చు. దీన్ని టన్నుకు రూ.1,800 చొప్పున సగటు చేసి ఇస్తే, మూడు గోదాముల నుంచి తలా రెండు టన్నులు ఒకే దుకాణానికి పంపమని మోడల్ నిస్సంకోచంగా చెబుతుంది. కాగితం మీద రూ.10,800గా కనిపించే ఆ పథకానికి అసలు అయ్యేది రూ.54,000.

మెట్లు పెట్టినంత మాత్రాన పని పూర్తికాదు. కొత్త ధర మొత్తం పరిమాణానికి వర్తిస్తుందా, ఆదాయపు పన్ను స్లాబుల్లాగా హద్దు దాటిన భాగానికే వర్తిస్తుందా అన్నది ముందుగా తేల్చుకోవాలి. 1,000కి లోపు కొంటే ఒక్కోటి రూ.50, 1,000 నుంచి మొత్తానికీ రూ.45 అయితే, 950 కొనడం కన్నా 1,000 కొనడమే చవక. సరిగ్గా 1,000 ఏ మెట్టులో పడుతుందో కూడా సాఫ్ట్‌వేర్‌లో సరిచూసుకోవాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది కాలవ్యవధి. నెలకు 220 టన్నుల సరుకును నెలవారీ మోడల్ 22 లారీల్లో సర్దేస్తుంది. అదే సరుకు 25 రోజులపాటు రోజుకు 8.8 టన్నుల చొప్పున వెళ్లవలసి ఉంటే 25 లారీలు కావాలి, అంటే కిరాయిలోనే రూ.54,000 తేడా. మెట్టును ట్రిప్పుకు నిర్వచించే వీలు లేనప్పుడు, కనీసం మోడల్ కాలవ్యవధినైనా రోజుకో వారానికో తగ్గించాలి.

దీనివల్ల సాల్వర్‌పై, అంటే అతి తక్కువ ఖర్చయ్యే పథకాన్ని వెతికి తేల్చే ప్రోగ్రామ్‌పై, భారం పెరుగుతుంది, నిజమే. మామూలు పని గంటలు, ఓవర్‌టైమ్, బయటి కాంట్రాక్టు అన్నట్లుగా అదనపు యూనిట్ ధర పైకే పోతుంటే లీనియర్ ప్రోగ్రామింగ్ (సరళరేఖ సంబంధాలతో నడిచే తేలికైన లెక్క పద్ధతి) తనంతట తానే చవకైన మెట్టునే ముందు నింపుకుంటుంది. లారీ కిరాయిలా ఎగిరే ఖర్చుకూ, పరిమాణం పెరిగేకొద్దీ తగ్గే ధరకూ పూర్ణాంక చరాలు, అంటే లారీల లెక్కలా పూర్ణ సంఖ్యలే తీసుకునే చరాలు, తప్పవు; సాల్వర్‌కు భారమయ్యేవి అవే. అందుకే ప్రతి దారికీ మెట్లు పెట్టకుండా, లారీ సగం ఖాళీగా వెళ్లే అవకాశమున్న దారులకే పెట్టడం మేలు. చివరి మెట్టుకు పైహద్దుగా ఏదో పెద్ద సంఖ్య వేసే బదులు ఆ దారిలో నిజంగా వెళ్లగల గరిష్ఠ పరిమాణాన్ని ఇస్తే, సాల్వర్ సాధారణంగా త్వరగా తేలుస్తుంది.