సోడియం 116

పోయిన ఎండాకాలం బీపీ మాత్ర మార్చాక నాకు అన్నం ముద్ద చూస్తేనే వాంతికొచ్చేది. తల దిమ్ము, నడుస్తుంటే తూలు. దేవరకొండ ఎండలకు వడదెబ్బే అనుకుని ఇంట్లో అందరూ నీళ్లు తాగు, నీళ్లు తాగు అన్నారు. చెంబుల కొద్దీ తాగాను. ఓ సాయంత్రం కోడలు "అత్తమ్మా, టైమెంతయింది?" అంటే గోడ గడియారం ముల్లులు కనబడుతున్నాయి, ఎంతయిందో మాత్రం చెప్పలేకపోయాను. ఆ రాత్రే నల్గొండ తీసుకుపోయారు.

రక్తంలో ఉప్పులు ఎంతున్నాయో చూసే ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో సోడియం 116. మామూలుగా 135 నుంచి 145 ఉండాలి. పొటాషియం కూడా కనీసం ఉండాల్సిన 3.5కి దిగువనే ఉంది.

"ఉప్పే కదా సార్, గబగబా ఎక్కించండి" అన్నాడు మా వాడు. డాక్టరుగారు ఒప్పుకోలేదు. సోడియం పడిపోతే మెదడు కణాల్లోకి నీరు చేరి ఉబ్బుతాయట, రోజులు గడిచేకొద్దీ ఆ తక్కువకే అలవాటు పడతాయట. అప్పుడు ఒక్కసారిగా పెంచితే నరాల పైపొర దెబ్బతిని కాళ్లుచేతులు పడిపోవచ్చు. అందుకే రోజుకు 8 పాయింట్లు దాటకుండా చూసుకున్నారు. మూడు శాతం ఉప్పు సెలైన్ చిన్న పంపుతో బొట్టుబొట్టుగా ఎక్కేది. కొన్ని గంటలకోసారి సిస్టరమ్మ వచ్చి రక్తం తీసేది. మోచేతి మడతంతా నీలం తిరిగింది.

కారణం ఆ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్. మూత్రంలో ఉప్పును బయటికి పంపి బీపీ తగ్గించే మందు. ఎందరికో పడుతుంది, వయసు మళ్లిన ఆడవాళ్లలో కొందరికి ఇలా చేస్తుంది. నేను తాగిన నీళ్లు మిగిలిన ఉప్పును ఇంకా పలచన చేశాయి.

ఫ్లోరైడ్ గురించి తరాలుగా మాట్లాడుకుంటున్న జిల్లా మాది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మర్రిగూడ వైపు ఎవరినడిగినా చెబుతారు. బీపీ మాత్ర మొదలుపెట్టాక సోడియం చూపించుకోమని మాత్రం నాకెవరూ చెప్పలేదు. ఆ కోపం ఇంకా పోలేదు.

మాత్ర మార్చారు. కొన్నాళ్లు నీళ్లు కొలిచి తాగించారు. చుట్టాలు మామిడికాయ తొక్కు బాగా తినమన్నారు గానీ డాక్టరుగారు వద్దన్నారు, బీపీ ఎక్కడికీ పోలేదు కదా. మళ్లీ పరీక్ష చేస్తే 138 వచ్చింది. ఆకలి ముందే తిరిగొచ్చింది, జొన్నరొట్టె రుచి తెలిసింది.

మొన్న మా ఆడబిడ్డ తన మాత్రలు చూపించింది. పేరు చివర హెచ్ అక్షరం ఉంది, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్రల్లో చాలావాటికి అలాగే ఉంటుంది. సొంతంగా ఆపొద్దన్నాను. రేపు పొద్దున రక్తపరీక్షకు నేనే వెంటపోతున్నా.