ఆకు కింద బంతి

అక్టోబర్, మంగళవారం

పొద్దున ఏడింటికే గోల్ఫ్ కోర్సుకి చేరుకున్నాం. ఏం లాభం, గడ్డి అంతా తెల్లగా గడ్డకట్టి ఉంది. మంచు పట్టిన గడ్డి మీద అడుగేస్తే పోచలు చితికిపోతాయి, తర్వాత ఆ అడుగులన్నీ నల్లగా అచ్చులు తేలతాయి. గడ్డి చూసుకునే పెద్దాయన ఆట మొదలుపెట్టే చోటికి, అదే మొదటి టీకి, అడ్డంగా తాడు కట్టి, చేతులు జేబుల్లో పెట్టుకుని కాపలా కాశాడు. తొమ్మిదీ ఇరవైకి గానీ వదల్లేదు. వైజాగ్ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో ఆడిన రోజుల్లో నాకు సముద్రం గాలి ఒక్కటే తలనొప్పి. గడ్డి కరిగేదాకా కూర్చోవాలని అప్పుడెవరైనా చెప్పుంటే నవ్వేసేవాణ్ణి.

అమెరికాలో ఒహాయోలో మాదో చిన్న కాలేజీ, ఇక్కడి కాలేజీ ఆటల్లో మూడో స్థాయి, డివిజన్ 3 అంటారు. ఇక్కడ ఆట పేరు మీద స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. కోచ్ అంటే టీవీలో కనిపించే టోపీ మనిషి అనుకుంటారు మనవాళ్ళు. వ్యాన్ నడిపేది నేనే, హోటల్ బుక్ చేసేది నేనే, శాండ్‌విచ్‌లు కట్టేదీ నేనే.

ఇవాళ సెలెక్షన్ రౌండు. శనివారం టోర్నమెంటుకి ఐదుగురు ఆడాలి, అందులో మంచి స్కోర్లు నాలుగే టీమ్ లెక్కలోకి వస్తాయి. నాలుగు సీట్లు ముందే తేలిపోయాయి. మిగిలిన ఒక్క సీటుకి ఇద్దరు పోటీ: ఫస్టియర్ కుర్రాడొకడు, ఆఖరి సంవత్సరం చదివే పొడుగాటివాడొకడు.

పద్నాలుగో హోల్. మేపుల్ చెట్ల కింద నేలే కనపడటం లేదు, అన్నీ ఎండుటాకులే. ఈ నెలలో బంతి నీళ్ళలో కన్నా ఆకుల్లోనే ఎక్కువ పోతుంది, వెతకడానికి ఇచ్చేది మూడే నిమిషాలు. పొడుగువాడి బంతి దొరికింది. దాన్ని ఆనుకుని ఒక ఎర్రటి ఆకు. మోకాలి మీద కూర్చుని, వేయించిన అప్పడాన్ని విరక్కుండా తీసినట్టు రెండు వేళ్ళతో ఆ ఆకు తీశాడు. ఒక క్షణం అలాగే ఉండిపోయాడు. తర్వాత చెయ్యెత్తాడు.

"కోచ్, కదిలింది."

నేను ముప్ఫై గజాల వెనక ఉన్నాను, నాకేం కనపడలేదు. వాడితో ఆడుతున్న కుర్రాడు అటు తిరిగి నీళ్ళు తాగుతున్నాడు. ఎంత కదిలిందిరా అంటే వేలితో చూపించాడు, పెసరగింజంత. హోల్ చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీదైతే అలా కదిలినా పెనాల్టీ లేదు. ఇక్కడ ఉంది. బంతిని మళ్ళీ దాని చోట పెట్టి, ఒక స్ట్రోక్ కలుపుకుని ఆడాడు.

చివరికి వాడు 76, ఫస్టియర్ వాడు 75. ఈ ఆటలో తక్కువ కొట్టినవాడిదే పైచేయి.

ఐదో సీటు కోచ్ ఇష్టమని ఆగస్టులో నేనే కాగితం మీద రాసి గోడకి అంటించాను. ఇవాళ ఆ వాక్యం చూస్తే నా మీద నాకే కోపం వచ్చింది. సాయంత్రం ఆఫీసులో కూర్చుని పొడుగువాడి పేరు టైపు చేశాను, చెరిపేశాను, మళ్ళీ టైపు చేశాను. నిజం చెప్పినందుకు సీటిస్తే, 75 కొట్టినవాడు చేసిన తప్పేంటి? పైగా రేపట్నించి చెయ్యెత్తే ప్రతివాడూ ముందు నా మొహం చూస్తాడు.

2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో మన తెలుగు మూలాలున్న అమెరికన్ గోల్ఫర్ సాహిత్ తీగల, బంకర్ అనే ఇసుక గుంటలో క్లబ్ వెనక్కి తీసేటప్పుడు ఇసుక తగిలిందనిపించి, అఫీషియల్‌ని పిలిచి తానే చెప్పుకున్నాడు. రెండు స్ట్రోకులు పడ్డాయి. అయినా మూడో స్థానంలో నిలిచాడు. మా కుర్రాళ్ళకి ఈ కథ వ్యాన్‌లో నేనే చెప్పాను, ఒకసారి కాదు. ఇప్పుడనిపిస్తోంది, సగమే చెప్పానేమోనని. ఆయనకి మూడో స్థానం దక్కింది. మావాడికి వ్యాన్‌లో సీటు కూడా లేదు.

కాలేజీ అయ్యాక రెండేళ్ళు చిన్న ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్లలో ఎంట్రీ ఫీజులు కట్టుకుంటూ తిరిగినవాణ్ణి. ఒక్క స్ట్రోక్ తేడాతో కట్, అంటే చివరి రౌండ్లకి అర్హత, తప్పి, కారులో పడుకున్న రాత్రులున్నాయి. ఎడమ మణికట్టు ఈ చలికి ఇప్పటికీ పీకుతుంది.

ఫస్టియర్ వాడి పేరే పెట్టి మెయిల్ పంపాను.

అంతలో అమ్మ ఫోను. అక్కడ బుధవారం తెల్లారిపోయింది. "ఏరా, తిన్నావా? ఆ తీగల వాళ్ళబ్బాయి కోట్లు సంపాదిస్తున్నాడట కదా, మీ కాలేజీ వాళ్ళు జీతం ఏమైనా పెంచారా?" లేదమ్మా అన్నాను. చట్నీ మాడుతోందని పెట్టేసింది.

పొడుగువాడి దగ్గర్నుంచి జవాబొచ్చింది. "ఓకే కోచ్." అంతే. కోపమో, బాధో, నిజంగానే ఓకేనో తెలీక పదిసార్లు చదివాను. రేపు ప్రాక్టీసుకి వస్తాడో రాడో.

గడ్డి పెద్దాయన కూడా మెసేజ్ పెట్టాడు. రేపు మంచు ఇంకా ఎక్కువట, పదింటిదాకా రావద్దన్నాడు.